మందుల సంచి

"మీరు దేనికి డాక్టరమ్మా?"

వార్డులో చేరిన రెండో రోజో మూడో రోజో పేషెంటు పక్కనుండే మనిషి ఈ మాట అడుగుతారు. గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు వచ్చి చూసి వెళ్తారు. వాళ్ళెవరో అందరికీ తెలుసు. పొద్దున వచ్చి, మధ్యాహ్నం వచ్చి, సాయంత్రం మళ్ళీ వచ్చి "విరేచనం అయిందా పెద్దాయనా, రాత్రి నిద్ర పట్టిందా" అని అడిగే నేనెవరో చాలామందికి అర్థం కాదు.

చెన్నైలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఏడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాకు ఓపీ లేదు. వార్డులో చేరిన పేషెంటు ఇంటికి వెళ్ళేదాకా వాళ్ళ బాధ్యత నాది. అమెరికాలో ఈ పని చేసేవాళ్ళని హాస్పిటలిస్ట్ అంటారు. 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంతో ఆ మాట పుట్టింది. మన దగ్గర బోర్డు మీద ఇంటర్నల్ మెడిసిన్ అనే ఉంటుంది. మన ఫిజీషియన్లలో ఎక్కువమంది ఓపీ, వార్డు రెండూ చూస్తారు. నాలాగా వార్డుకే అంకితమైనవాళ్ళు తక్కువ.

మాది నెల్లూరు జిల్లా. జనరల్ మెడిసిన్‌లో ఎండీ అయ్యాక కార్డియాలజీలో డీఎం, అంటే గుండె డాక్టరయ్యే పైచదువు, చేయాలని దాని ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రెండుసార్లు రాశాను. కోరుకున్న సీటు రాలేదు. మూడోసారి చదువుకుంటూ ఏదో ఒక ఉద్యోగం చేద్దామని ఇక్కడికి వచ్చాను. ఒక్క ఏడాదే అనుకున్నాను. మా మేనమామ ఫోన్ చేసి, "ఎండీ చదివి ఈ వార్డు డ్యూటీలేందమ్మాయ్, ఊళ్ళో క్లినిక్ పెట్టుకోరాదా?" అన్నాడు. ఆ మాట చాలా రోజులు నన్ను తొలిచింది. అది ఎప్పుడు పోయిందో కూడా చెప్పగలను. దానికి కారణం ఒక మందుల సంచి. ఆ సంగతికి వస్తాను.

మా వార్డులో సగం మంది ఇక్కడి తమిళులైతే, మిగతావాళ్ళలో చాలామంది మన వైపు వాళ్ళే. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, శ్రీకాళహస్తి, పుత్తూరు. పెద్ద జబ్బంటే మద్రాసుకే పోవాలని మా తాతల కాలం నుంచీ ఉన్న మాట. సెంట్రల్ స్టేషన్లో దిగి రోడ్డు దాటితే పెద్ద ప్రభుత్వాసుపత్రి. సూళ్ళూరుపేట నుంచి లోకల్ రైలే ఉంది. పొద్దున్నే రైలు దిగి, చేతిలో చీరల షాపు కవరు, చంకలో ఎక్స్‌రేల కవరు పట్టుకుని, లిఫ్టు దగ్గర ఎటు పోవాలో తెలియక నిలబడిన మనిషిని చూస్తే మనవాళ్ళని ఇట్టే గుర్తుపడతాను. "ఏ ఊరమ్మా?" అని తెలుగులో అడిగితే చాలు, ఆ ముఖం విచ్చుకుంటుంది.

నాకు తమిళం పట్టుబడటానికి ఆరునెలలు పట్టింది. "తల సుత్తుదు" అంటే తల తిరగడం, "మూచ్చు వాంగుదు" అంటే ఆయాసం, "నెంజు ఎరిచల్" అంటే గుండెల్లో మంట. నర్సులే నేర్పారు. వాళ్ళలో చాలామంది మలయాళీలు, తమిళం వాళ్ళు కూడా ఇక్కడికొచ్చి నేర్చుకున్నదే. భాష మారినా మారనిది ఒకటి ఉంది. అది గ్యాస్. మన ఊళ్ళలోనూ అంతే, ఇక్కడా అంతే, ఛాతీలో బరువుగా ఉన్నా, చెమటలు పట్టినా "గ్యాస్ పట్టేసిందమ్మా" అంటారు. షుగరు ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, పెద్దవాళ్ళలో గుండెపోటు ఒక్కోసారి అచ్చంగా అలాగే వస్తుంది. సోడా తాగి నాలుగు గంటలు ఇంట్లో ఆగినవాళ్ళని చూశాను. గ్యాస్ అన్న మాట వింటే ముందు ఈసీజీ, తర్వాతే మిగతా మాటలు.

ఇక మందుల సంచి సంగతి. (మనుషులను గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను.)

నేను చేరిన మొదటి ఏడాది, నాయుడుపేట వైపు నుంచి ఒక పెద్దాయన మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో, చలిజ్వరంతో వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళు, పదిహేనేళ్ళ నుంచి షుగరు. ఐదు రోజులు ఉన్నాడు. జ్వరం తగ్గింది, కల్చర్ రిపోర్టు వచ్చింది, యాంటీబయాటిక్ సరిగ్గానే పడింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలు కంటే ఎక్కువగా, 1.8 దగ్గర ఆగింది. వార్డులో ఉన్నన్నాళ్ళూ ఇన్సులిన్ ఇచ్చాం. ఇంటికి పంపేటప్పుడు కిడ్నీలను చూసుకుని, గ్లిమెపిరైడ్ అనే షుగరు మందు చిన్న మోతాదు, ఒక్క మిల్లీగ్రాము, ఉదయం ఒక్కసారి అని రాశాను. డిశ్చార్జ్ సమ్మరీ నాలుగు పేజీలు. అందులో ఏ తప్పూ లేదని అప్పుడు అనుకున్నాను.

నాలుగో రోజు ఆయన మళ్ళీ వచ్చాడు, అంబులెన్సులో, చేతికి గ్లూకోజు బాటిల్‌తో. తెల్లవారుజామున లేపితే లేవలేదట. మూతి ఒక పక్కకు పోయినట్టు కనిపించి, పక్షవాతమని భయపడి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డ్యూటీ డాక్టరు ముందు వేలి మీద గుచ్చి షుగరు చూశాడు. 34. డెబ్బై కంటే తగ్గితేనే తక్కువ అంటాం. గ్లూకోజు ఎక్కించగానే కళ్ళు తెరిచాడు, మూతి సర్దుకుంది. గంటన్నర తర్వాత షుగరు మళ్ళీ పడిపోయింది. అందుకే ఇక్కడికి పంపారు. ఆ డాక్టరుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

షుగరు ఎందుకు పడిపోయిందో ఎవరికీ తెలియడం లేదు. ఒక్క మిల్లీగ్రాముతో మామూలుగా ఇంతగా పడిపోదు. ఆయన భార్యని అడిగాను, ఇంట్లో వేసిన మందులన్నీ తెచ్చారా అని. ఆమె మంచం కింద నుంచి ఒక చీరల షాపు కవరు తీసి ఇచ్చింది. దాన్ని మంచం మీద బోర్లించాను.

పద్దెనిమిది స్ట్రిప్పులు. కొన్ని సగం కత్తిరించినవి, కొన్నిటికి పేరున్న భాగమే లేదు. రెండేళ్ళ కిందటి దగ్గు మందు. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన బిళ్ళలు, కాగితంలో పొట్లం కట్టినవి. వాటి మధ్యలో మేం ఇచ్చిన కొత్త గ్లిమెపిరైడ్ స్ట్రిప్పు. ఇంకాస్త వెతికితే ఊళ్ళో డాక్టరు ఎప్పటినుంచో ఇస్తున్న షుగరు బిళ్ళ దొరికింది. దాని పేరు వేరు, కంపెనీ వేరు, రంగు వేరు. వెనక సన్నటి అక్షరాల్లో చూస్తే గ్లిమెపిరైడ్ రెండు మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ ఐదు వందలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

"ఇది కూడా వేశారా అమ్మా?"

"అది ఎప్పుడూ వేసేదే గదమ్మా. మీరు ఇచ్చింది కొత్తది. రెండూ వేశాను."

ఆమె తప్పేం లేదు. నా నాలుగు పేజీల్లో ఏవి వేసుకోవాలో ఉంది. ఏవి ఆపాలో ఎక్కడా లేదు. వార్డులో చేరిన రోజు నేను "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే, "షుగరు బిళ్ళలు" అన్నారు, నేను అదే రాసుకున్నాను. కవరు అప్పుడే మంచం కింద ఉంది.

రోజుకు ఒక మిల్లీగ్రాము అనుకున్నది ఐదు మిల్లీగ్రాములైంది. జ్వరం తర్వాత తిండి సరిగ్గా లేదు. కిడ్నీలు మందకొడిగా ఉంటే ఈ మందు ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. అందుకే ఒకసారి గ్లూకోజు ఎక్కించి పంపేస్తే సరిపోదు, షుగరు మళ్ళీ మళ్ళీ పడిపోతుంది. రెండు రోజులు గంట గంటకూ వేలు గుచ్చుతూ డ్రిప్పు నడిపించాం. ఆ రెండు రాత్రులూ నేను ఇంటికి వెళ్ళలేదు. ఆయన బాగైపోయాడు. ఆమెతో కూర్చుని, "తప్పు నాదమ్మా, పాతవి ఆపమని నేను చెప్పి ఉండాల్సింది" అన్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, "నాకు చదువు రాదమ్మా. కాగితం మీద ఏముందో నాకేం తెలుసు" అంది. ఆ మాట విన్నాక గానీ నా ఉద్యోగం ఏమిటో నాకు తెలియలేదు. డీఎం పుస్తకాలు ఆ నెలలోనే కట్టగట్టి పెట్టేశాను.

అప్పటి నుంచి ఎవరు చేరినా మొదటి గంటలో సంచి అడుగుతాను. తేకపోతే ఇంట్లో ఉన్నవాళ్ళని ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపమంటాను, స్ట్రిప్పు వెనక వైపు కనిపించేలా. నాటు మందు, పొడి, కషాయం కూడా. కీళ్ళ నొప్పులకు వాడే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి వస్తారు, కారణం దొరకదు. డిశ్చార్జ్ కాగితంలో ఇప్పుడు నాలుగు గడులు ఉంటాయి. పాతవే కొనసాగించేవి, కొత్తవి, మోతాదు మారినవి, ఆపేసినవి. ఆపేసినవాటిని పేషెంటు ఎదురుగానే వేరుచేసి చూపిస్తాను. ఆ తర్వాత "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, రేపు పొద్దున ఏమేం వేస్తారు?" అని అడుగుతాను. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. నేనూ చాలాకాలం ఆ తలూపుడే నమ్మాను.

దీనికి ఒక్కో పేషెంటుకి ఇరవై నిమిషాలు పడుతుంది. బెడ్లు ఖాళీ కావాలని కింద నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి, బిల్లింగ్ అయిపోయింది ఇంకా పంపలేదేమని. ఈ ఇరవై నిమిషాలను నేను వదులుకోను. ఈ విషయంలో మేనేజ్‌మెంట్‌తో రెండుసార్లు గట్టిగానే మాట్లాడాను.

ఈ పనిలో ఇంకో సగం మధ్యవర్తిత్వం. గుండె బలహీనమై, కిడ్నీలు కూడా దెబ్బతిన్న మనిషి కాళ్ళ వాపుతో చేరతాడు. గుండె డాక్టరు నీళ్ళు తీసే ఇంజక్షన్ పెంచమంటారు. కిడ్నీ డాక్టరు క్రియాటినిన్ పెరుగుతోంది, తగ్గించమంటారు. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరూ రోజుకి ఒక్కసారి, ఐదు నిమిషాలు చూస్తారు. పొద్దున పరగడుపున బరువు ఎంత, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నాడు, వాపు మోకాలి దాకా ఉందా చీలమండకు దిగిందా, ఇవి చూసి ఇద్దరికీ ఫోన్ చేసి ఒక మాట మీదికి తేవాల్సింది నేను. "నీళ్ళు తక్కువ తాగండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. లీటరు బాటిల్ ఒకటి తెప్పించి, దాని మీద మార్కర్‌తో గీతలు గీసి, "పొద్దున్నుంచి రాత్రి దాకా ఈ బాటిలే. మజ్జిగ తాగినా, కాఫీ తాగినా అంత నీళ్ళు ఇందులోంచి పారబోయండి" అని చెప్తాను. కాఫీ తాగి బాటిల్లోంచి సింకులోకి కొలిచి పోస్తూ ఒకాయన నాకు కనిపించాడు. ఆ కిందటి ఏడాది మూడుసార్లు చేరిన మనిషి, ఆ తర్వాత ఏడాది దాకా రాలేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ వెనకే జ్వరాలు. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే అందరికీ డెంగీయే గుర్తొస్తుంది. బొప్పాయి ఆకు రసం సీసాలో పోసుకుని వార్డుకి తెస్తారు. డెంగీలో నేను ప్లేట్‌లెట్ల కంటే ఎక్కువ భయపడేది జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులకి. జ్వరం తగ్గింది కదా అని ఇంటికి పోతామంటారు. సరిగ్గా అప్పుడే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి బీపీ పడిపోవచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మనిషి మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా పంపను.

వెంకటగిరి వైపు నుంచి ముప్పై ఏళ్ళ అమ్మాయి వచ్చింది. ఎనిమిది రోజుల జ్వరం, ప్లేట్‌లెట్లు అరవై వేలు. డెంగీ టెస్టు నెగెటివ్. రెండు చోట్ల చూపించుకున్నారు. తెర వేసి, నర్సును పక్కన ఉంచుకుని, ఒళ్ళంతా చూశాను. రొమ్ము కింద మడతలో కందిగింజ అంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే ఆమెకే తెలియదు. స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. ఆమె పశువుల మేతకు గడ్డి కోసుకొచ్చే మనిషి. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాం. రోజుకు రెండు మాత్రలు, చవకైన మందు. రెండో రోజు సాయంత్రానికి జ్వరం లేదు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా, మెదడు దాకా పోయే జబ్బు ఇది. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద చూడకుండా జ్వరం పేషెంటును చూశానని నేను ఇక ఎప్పుడూ అనుకోను.

రాత్రుళ్ళ గురించి కూడా చెప్పాలి. గూడూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన డెబ్బై ఆరేళ్ళ రైతు. న్యుమోనియా. మూడో రాత్రి రెండింటికి సెలైన్ పీకేసి, మంచం దిగబోతూ కేకలు. కొడుకు వణికిపోతున్నాడు. "మా నాయనకి పిచ్చి పట్టిందా మేడమ్?" అంటాడు. నర్సు మంచానికి చేతులు కట్టేద్దామా అని అడిగింది. దగ్గరికి వెళ్ళి వింటే ఆయన అంటున్నది ఒకటే మాట. "బర్రెలు యాడికి పోయినాయో చూడండ్రా, చేను తింటన్నాయి."

జబ్బు చేసిన పెద్దవాళ్ళలో ఇలాంటి మతిభ్రమ మామూలే. దీన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్ వల్ల, సోడియం తగ్గడం వల్ల, మూత్రం బిగుసుకుపోవడం వల్ల, నిద్ర లేకపోవడం వల్ల వస్తుంది. పిచ్చి కాదు, కారణం సరిచేస్తే చాలావరకు పోతుంది. ఆయన పొట్ట మీద చెయ్యి వేస్తే కింద గట్టిగా తగిలింది, మూత్రం నిండిపోయి ఉంది. ట్యూబు వేస్తే దాదాపు ఎనిమిది వందల మిల్లీలీటర్లు వచ్చింది. కళ్ళజోడు బ్యాగులో ఉంటే తీసి పెట్టాం. చేతులు కట్టనివ్వలేదు. పక్కన కూర్చుని, "బర్రెల్ని కట్టేసినాం తాతా, దూడ కూడా ఉండాది, నువ్వు పండుకో" అన్నాను. తాతా అన్నది తమిళంలోనూ అదే మాట. అప్పటిదాకా దూరంగా ఉన్న తమిళ నర్సు కూడా వచ్చి "తాతా, తాతా" అంటూ కాళ్ళు నిమిరింది. ఐదింటికి నిద్రపోయాడు. రెండు రోజుల తర్వాత ట్యూబు తీసేస్తే మూత్రం మామూలుగా వచ్చింది.

డబ్బు సంగతి రాయకుండా ఉండలేను. "ఇంకా ఎన్ని రోజులు ఉండాల డాక్టరమ్మా?" అని అడిగేవాళ్ళలో చాలామంది అడుగుతున్నది బిల్లు గురించి. 2019 చివర్లో ఆరోగ్యశ్రీని చెన్నైలోని కొన్ని ఆసుపత్రులకూ కొన్ని పెద్ద చికిత్సల కోసం తెచ్చారు, అది కొంతమందిని ఆదుకుంది. జ్వరాలు, ఇన్‌ఫెక్షన్లతో మా వార్డుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మాత్రం చేతి డబ్బే కడతారు. మెడలో పుస్తెలతాడు మొన్న ఉండి ఇవాళ పసుపుతాడు కనిపిస్తే నాకు తెలిసిపోతుంది. అలాంటప్పుడు నేను చేయగలిగింది రోజూ కేస్ షీట్ తెరిచి, ఈ టెస్టు రేపు కూడా అవసరమా, ఈ ఇంజక్షన్ ఇవాళ్టి నుంచి మాత్రగా మార్చవచ్చా, ఈ ట్యూబు ఇంకా ఎందుకుంది అని ఒక్కొక్కటీ అడుక్కోవడం. అది పేషెంటు ఒంటికీ మంచిదే, జేబుకీ మంచిదే.

నాయుడుపేట పెద్దాయన, ఆయన భార్య ఇప్పటికీ వస్తారు. నాకు ఓపీ లేదని తెలుసు, అయినా మూడో అంతస్తు దాకా ఎక్కి నర్సుల దగ్గర కూర్చుంటారు. చదువు రాని ఆమె తనకు తానే ఒక పద్ధతి పెట్టుకుంది. ఉదయం వేసే స్ట్రిప్పులకి ఎర్రదారం చుడుతుంది, రాత్రివాటికి నల్లదారం. ఆపేసినవి ఇంట్లో ఉంచదు. ఆ పద్ధతి నేనిప్పుడు మిగతావాళ్ళకీ చెప్తున్నాను, నా డ్రాయర్లో రెండు దారపు ఉండలు ఉంటాయి.

పోయిన నెల వచ్చినప్పుడు కవరు విప్పి మంచం మీద వరసగా పేర్చింది. ఒక స్ట్రిప్పుకి దారం లేదు.

"ఇదేందమ్మా?"

"మొన్న జ్వరమొస్తే ఊళ్ళో కొత్త డాక్టరు దగ్గరికి పోయినాం. షుగరుకని ఇది కూడా రాసినాడు. పేరు వేరే ఉండాది. నువ్వు చూసిందాకా వేయగూడదని పక్కన పెట్టినా."

తిప్పి వెనక చదివాను. గ్లిమెపిరైడ్.

"వేయొద్దులే పెద్దమ్మా," అన్నాను. ఆమె నా చేతిలోంచి ఆ స్ట్రిప్పు తీసుకుని, నర్సు దగ్గర కత్తెర అడిగింది.